రేపు మాస్టారి గుడారం

ఆ ఊళ్ళో ఒక దర్జీని అందరూ రేపు మాస్టారు అంటారు. ఎప్పుడు అడిగినా 'రేపు ఇచ్చేస్తా' అనడం వల్ల వచ్చిన పేరది. చెయ్యి మాత్రం బంగారం. ఆయన చొక్కా కుడితే ఎంతటి బొజ్జయినా సర్దుకుని కూర్చుంటుంది. అందుకే జనం తిట్టుకుంటూనే ఆయన దగ్గరికి వస్తారు. ఎటొచ్చీ ఇరుక్కుపోయింది భార్యే. అందరి బట్టలూ అయ్యాకే ఆవిడ వంతు. అందరివీ ఎప్పటికయ్యేను?

సముద్రం పక్కన ఒక్క రాత్రి గడపాలని ఆవిడ కోరిక. గంట బస్సు ప్రయాణంలో తీరాన్ని ఆనుకుని అడవి పార్కు ఉంది, గుడారం తెచ్చుకున్నవాళ్ళని ఉండనిస్తారు. ఒకటి కొందామంటే మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. దర్జీ ఇంట్లో కొన్న గుడారమా అన్నాడు. 'నేనే కుడతా, రేపు' అంటూ మూడేళ్ళు గడిపాడు. చివరికి ఆవిడ కోపం లేకుండానే చెప్పేసింది.

"ఈ శనివారం గుడారం నిలబడకపోతే, ఇక నా గుడ్డలు ఎదురు కొట్టులో ఇచ్చుకుంటానండీ."

దర్జీ పెళ్ళాం వేరే దర్జీ దగ్గర కుట్టించుకుంటే ఇక కొట్టుకి తాళం వేసుకోవడమే.

శనివారం మధ్యాహ్నానికి పార్కులో సరుగుడు చెట్ల మధ్య గుడారం లేచింది. మాస్టారు నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసి మురిసిపోతుండగా సముద్రం మీంచి గాలి కొట్టింది. కుట్లన్నీ పటపటా తెగి, గుడారం నాలుగు ముక్కలై చెట్లకి వేలాడింది. తప్పు గాలిది కాదు. ఏ బట్టకైనా ముందు చేత్తో వదులుగా కచ్చా కుట్టు వేసి, ట్రయలు చూశాకే మిషను ఎక్కించడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. గుడారాన్నీ ట్రయలుకే తెచ్చాడు. ఆ ముక్క భార్యకి చెప్పలేదు.

ఇంతలో పార్కు గార్డు వచ్చి, పొద్దుగూకేలోగా నిలబెట్టకపోతే ఆఖరి బస్సుకి వెళ్ళిపోవాలని చెప్పి పోయాడు. మాస్టారు కాలరుకి గుచ్చిన సూది తీశాడు. ఆ సూది లేనిదే ఆయన పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడు. ఆవిడ గుడ్డ బిగించి పట్టుకుని సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. ఆయన సముద్రానికి వీపు పెట్టి, వేళ్ళు పొడుచుకుంటూ కుట్టాడు. సూర్యుడు సరుగుడు చెట్ల వెనక్కి దిగుతుండగా ఆఖరి ముడి వేసి దారం కొరికాడు. గార్డు వచ్చి నాలుగు మూలలూ లాగి చూసి, తలూపి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆవిడ మెల్లిగా ఒక సంగతి బయటపెట్టింది. పోయిన నెలే ఎదురు కొట్టులో ఒక జాకెట్టు కుట్టించేసిందట. మాస్టారి మొహం పాలిపోయింది. కొలతలకి ఆదిగా ఏ జాకెట్టు ఇచ్చావని అడిగాడు.

"మన పెళ్ళయిన కొత్తలో మీరు కుట్టిందే. అచ్చం ఇలాగే రావాలన్నాను."

"వచ్చిందా?"

"ఎక్కడొస్తుందండీ."

ఎదురు కొట్టువాడి మీద గెలిచినందుకు సంతోషించాలో, ఆ ఒక్క జాకెట్టు తర్వాత ఆవిడకి అంత మంచిది ఇంకొకటి కుట్టనందుకు సిగ్గుపడాలో మాస్టారికి తెలియలేదు. సిగ్గే ఎక్కువైంది.