ఉప్పు కాపడం

ఆ ఆదివారం ఉదయం ఏడూ పదికి మా వారి అక్క గేటు తీసుకుని లోపలికి వచ్చింది. అవనిగడ్డలో మొదటి బస్సు ఎక్కితే ఆ వేళకి బందరులో మా ఇంటికి చేరుతుంది.

"ఏరా, కాలెలా ఉంది?" అంది చెప్పులు విప్పుతూనే.

"నీకోసమే చూస్తున్నానక్కా."

నేను కాఫీ కలుపుతున్నాను. వారమంతా నేనూ అదే అడిగాను. నాకు వచ్చిన జవాబు "బానే ఉంది" అని.

ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు. ఆ ఏడాది నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. ఆగితే తగ్గేది, కదిలితే మళ్లీ వచ్చేది. ఆగినందుకు సిగ్గుపడి, కోనేరు సెంటరులో దుకాణాల బోర్డులు చదువుతున్నట్టు నిలబడేవారు. కాలికి రక్తం అందకపోతే అలా అవుతుందని చదివాను. గుడివాడలో డాక్టరుకు చూపిద్దామన్నాను.

"పుస్తకాలు చదివితే నొప్పులు పోతాయటే అమ్మాయ్?" అంది వదిన. ఆయన కూడా నవ్వారు.

దివిసీమలో వాళ్ల ఇంట్లో ఏ నొప్పికైనా ఉప్పు కాపడమే. కళ్లుప్పు మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, పాత పంచె ముక్కలో మూటగట్టి నొప్పి ఉన్నచోట అద్దుతారు. ఒకసారి నేను పెట్టబోతే, "నీకు చేతకాదులే" అని కాలు వెనక్కి తీసుకున్నారు. అక్క ఒళ్లో మాత్రం ఆ కాలు కదిలేది కాదు. ఆయన కళ్లు మూసుకునేవారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

ఆ రోజు మూట మడమ దాకా వచ్చింది.

"వేడి తగులుతోందిరా?"

"ఏం తెలియటం లేదక్కా. ఇంకాస్త కాచు."

ఉప్పు మళ్లీ మూకుట్లో పడింది.

మర్నాటికి మడమ మీద బొబ్బ లేచింది. అది చితికి పుండయింది. వారాలు గడిచినా మానలేదు. అప్పుడు వెళ్లాం గుడివాడ.

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నారు. ఎముక పక్కన సన్నటి తెల్లగీతలు ఉన్నాయి.

"ఇవి రక్తనాళాలండీ. గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడ్డాయి. కిందికి రక్తం సరిగా దిగటం లేదు, అందుకే పుండు మానటం లేదు. షుగరుతో స్పర్శ కూడా పోయింది. ఇలాంటి కాలికి ఎవరండీ కాపడం పెట్టింది?"

నేను నోరు తెరిచేలోపే ఆయన, "నేనే పెట్టుకున్నానండీ" అన్నారు.

కూరలో ఉప్పెక్కువైతే, భోజనానికొచ్చిన వాళ్ల ముందే నా పేరు చెప్పే మనిషి. అక్క కోసం తడుముకోకుండా అబద్ధమాడారు. తిరుగు బస్సులో నేను పుండు గురించి ఆలోచించలేదు. ఆ అబద్ధం గురించే ఆలోచించాను.

రక్తం పారేలా చేయాలని విజయవాడలో ప్రయత్నించారు, కుదరలేదు. మోకాలి కింద తీసేశారు. నాళాలు గట్టిపడటం ఒక్క కాలితో ఆగదని డాక్టరు ముందే చెప్పారు. కొన్ని నెలలకు ఆయన గుండెపోటుతో పోయారు.

పెద్దకర్మ అయ్యాక వదిన పెరట్లో నా పక్కన కూర్చుంది.

"నేను పెట్టిన కాపడం వల్లేనటే?"

అవునంటే జీవితాంతం ఏడుస్తుంది. ఆ ఏడుపులో కూడా ఆయన ఆవిడకే మిగిలిపోతారు.

"నాళాలు అప్పటికే పాడయ్యాయి వదినా" అన్నాను. అదీ నిజమే. డాక్టరు దగ్గర ఆయన అన్న మాట మాత్రం చెప్పలేదు. ఆవిడకు చెందిన ఆ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకున్నాను.

వదిన ఇప్పటికీ ఆదివారం మొదటి బస్సుకే వస్తుంది. ఇద్దరం కాఫీ తాగుతాం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ కాపడం పెట్టడం లేదు.