దిగుడుబావి మెట్ల మీద కాశప్ప

కాశప్పకు అరవై రెండేళ్లు. గోనెగండ్ల దగ్గరి మెట్ట పల్లెలో మూడెకరాల రైతు. ఆ ఊరి నడుమ ఉన్న పాత కోటవాకిలి, బురుజు, చావడి, దిగుడుబావి కూలిపోకుండా రెండేళ్ల కిందట బాగుచేశారు. చూడవచ్చేవాళ్లకు వివరం చెప్పడానికి ఒక మనిషి కావాలంటే, మాటకారి అని కాశప్పను పెట్టారు. పొద్దున పత్తిచేను చూసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేవాడు.

బావి దగ్గర ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు.

"ఊరు ఊరంతా ఈ నీళ్లే తాగి బతికినారు."

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి బడిపిల్లలు వచ్చారు. బావిగట్టున ఏసమ్మ గడ్డి పీకుతోంది. కాశప్ప ఈడుదే, ఊరి బయటి వాడలో ఉండే కూలి మనిషి. ఒక పాప ఆమెను, అవ్వా నువ్వూ ఈ నీళ్లే తాగినావా అని అడిగింది.

"తాగినాం పాపా. మేము మెట్లు దిగకూడదు. ఎవరన్నా తోడి పోసేదాకా ఆ రాయి కాడ కడవ పెట్టుకోని నిలబడుకుంటాంటిమి."

అంతే చెప్పి మళ్లీ గడ్డిలోకి వంగింది. కాశప్పకు పాత సంగతి గుర్తొచ్చింది. నలభై ఏళ్ల కిందటి ఎండాకాలంలో, ఎంతసేపటికీ ఎవరూ పోయకపోతే ఏసమ్మ రెండు మెట్లు దిగింది. ఆమె చేతిలోని కడవ లాక్కుని రాతికేసి కొట్టింది కాశప్పే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తనూ నవ్వాడు. ఏసమ్మ పిల్లలకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదేమో.

మూడు రోజులు కాశప్ప చావడి వైపు పోలేదు. తర్వాత ఏసమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది.

"ఏసమ్మా, ఆ పొద్దు నీ కడవ పగలగొట్టింది నేనే."

"తెలుసప్పా."

"మరి పిల్లోల్లకు ఎందుకు సెప్పలేదు?"

"పిల్లోల్ల ముందర నీ మొగం సిన్నబోతే సూడలేనని."

తప్పయింది అన్నాడు. ఆమె కాయలు ఒలుస్తూనే ఉంది, కూర్చోమనలేదు. తిరిగి వచ్చేశాడు.

మరుసటి వారం ఆదోని నుంచి వచ్చినవాళ్లకు అంతా చెప్పాడు. మెట్లు ఎవరు దిగేవాళ్లో, ఎవరు రాయి దగ్గర ఆగేవాళ్లో, కడవ ఎవరు పగలగొట్టారో. ఊరి పరువు తీస్తున్నావని ఊరి పెద్ద లక్ష్మప్ప కోప్పడ్డాడు. అయినా కాశప్ప చెప్పడం మానలేదు.

కానీ కడవ మాట వచ్చేసరికి ఇప్పటికీ గొంతు తగ్గిపోతుంది. వెనక నిలబడినవాళ్లు వినబడలేదంటారు. తల దించుకుని, ఇంకోసారి చెబుతాడు.