పది నిమిషాలు వేడెక్కాలి

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో రెండు ప్రాంతాలున్నాయి, ఒక ద్రోహం ఉంది, గాజుగదుల్లో ఎర్రగా వెలిగే నిప్పుంది, వరసపెట్టి బందులున్నాయి, చివర్లో నిండు సభలో ఒక నిజం బయటపడటం కూడా ఉంది. ఓపికున్నవాడు పద్దెనిమిది పర్వాలు రాయొచ్చు. నేను రాయడం లేదు. ఎందుకంటే కూడికలూ తీసివేతలూ అయ్యాక ఇది దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక గల్లీలో, మా మామ రేడియో రిపేరు షాపులో, ఒక పాత ఆంప్లిఫయర్ గురించి నడిచిన గొడవ. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నాకు ఒకసారి సోల్డరింగ్ కడ్డీతో వేలు కాలింది, అదీ నా తప్పే.

అప్పటికి నా ఇంజనీరింగ్ అయిపోయింది. చైతన్యపురిలో హాస్టల్లో ఉంటూ సర్కారు ఉద్యోగానికి కోచింగ్ తీసుకుంటున్నాను. రాష్ట్రం వస్తేనే నోటిఫికేషన్ వస్తుందని కొందరు, రాష్ట్రం సంగతి తేలితే గానీ రాదని కొందరు చెప్పేవారు. నేను రెండింటికీ సమానంగా సిద్ధమయ్యాను. అంటే ఏమీ చదవలేదు. బంద్ రోజున కోచింగ్ ఉండదు, హాస్టల్లో పులిహోర తప్ప ఏదీ వండరు. ఖాళీ మెయిన్ రోడ్డు మధ్యలో దర్జాగా నడుచుకుంటూ మామ షాపుకు పోయేవాణ్ణి.

బంద్ రోజు షాపు తెరిచినట్టూ ఉండాలి, మూసినట్టూ ఉండాలి. అందుకని షటర్ నడుం దాకా దించి ఉండేది. నినాదాలు దగ్గరికొస్తే మామ కాలితో మిగతాది దించేవాడు, దాటిపోయాక మళ్లీ నడుం దాకా లేపేవాడు. గిరాకీ ఉండదు కాబట్టి ఆ రోజు షాపంతా పాటలకే. ఆ పూట తప్పకుండా ఇద్దరు వంగి లోపలికి వచ్చేవారు.

ఒకరు మాస్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని, కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర వాల్వు సెట్టు ఉంది. వాల్వులంటే చిన్న గాజు బుడ్లు. పాత రోజుల ఆంప్లిఫయర్లలో పాటను పెద్దది చేసేవి అవే. ముందు లోపలి తీగ ఎర్రగా కాలాలి, ఆ తర్వాతే పాట వస్తుంది.

రెండో ఆయన సిటీ బస్సు డ్రైవరు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి బాగా తీరిక. ఆయనది ట్రాన్సిస్టర్ సెట్టు, స్విచ్ వేయగానే మోగేది. స్పీకర్ డబ్బాలు ఆయనే కొట్టుకున్నాడు, వేలంలో కొన్న పాత బస్సు సీట్ల చెక్కతో. ఒక్కొక్కటి నా ఛాతీ ఎత్తు ఉండేది. ఇంట్లో జాగా లేక, ఇంటావిడ కూడా ఒప్పుకోక, వాటిని మామ షాపులోనే పెట్టాడు.

మామ షాపులో ఒకటే నిబంధన. రాష్ట్రం గురించి మాట్లాడకూడదు. "గా ముచ్చట బయట వెట్టుకోండ్రి. ఈడ పాట వినుండ్రి" అనేవాడు. దాంతో ఇద్దరూ బయట పోట్లాడాల్సిన పోట్లాటంతా ఆంప్లిఫయర్ల మీదకు తెచ్చేవారు.

"వాల్వులో వచ్చేది మనిషి గొంతండీ డ్రైవరు గారూ. మీ దాంట్లో వచ్చేది ఆ గొంతు జిరాక్సు."

"మనిషి గొంతే సార్, నేను కాదంటలేను. జలుబు జేసినోని గొంతు."

"జలుబు కాదు, దాన్ని వెచ్చదనం అంటారు."

"వెచ్చదనం కావాలంటే దుప్పటి గప్పుకోవాలె గని పాటెందుకు సార్?"

"మీ డబ్బాల్లోంచి చరణం చరణానికీ మధ్యలో 'రైట్ రైట్' అని వినిపిస్తుందయ్యా. ముందు అది ఆపించుకోండి."

ఇలా రెండు గంటలు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఒప్పిస్తే తర్వాతి బంద్‌కు పని ఉండదు.

ఇక ద్రోహం సంగతి. ఈ గొడవకు రెండేళ్ల ముందు మాస్టారి సెట్టులో, వాల్వుల నుంచి పాటను స్పీకర్లకు అందించే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని తీగ మళ్లీ చుట్టే ముసలాయన కోఠిలో ఉండేవాడు. ఆయన ఊరికి పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. మాస్టారు మాత్రం పూటకోసారి వచ్చి, పేషెంటును చూసినట్టు చూసి పోయేవారు. మామకు జాలేసింది. నాలుగు రోజులకని లోపల అగ్గిపెట్టెంత ఐసీ బోర్డు ఒకటి పెట్టాడు. చవక టేపు రికార్డర్లలో ఉండే రకం, ట్రాన్సిస్టర్ల సరుకే. పాట దాంట్లోంచి వచ్చేటట్టు చేసి, వాల్వులకు వెలిగే కనెక్షన్ మాత్రం ఉంచాడు. పెట్టె చీకటిగా ఉంటే ఆయన మనసు నొచ్చుకుంటుందని.

చెప్దామనే అనుకున్నాడట. చాయ్ తేవడానికి పోయొచ్చేసరికి మాస్టారు వచ్చి, స్విచ్ వేసుకుని, పాట పెట్టుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"ఏం చేశావయ్యా! కొన్నప్పుడు కూడా ఇంత బాగా లేదు."

మామ నోరు అక్కడ మూతపడింది. నాలుగు రోజులు రెండేళ్లయ్యాయి.

ఈ సంగతి నాకు తెలిసింది నా చదువు వల్ల కాదు. ఒకసారి మాస్టారు దుమ్ము దులపడానికి సెట్టు షాపులో వదిలిపోతే, ఊరికే ఉండలేక నేను మూత తీశాను.

"మామా, ఏంది ఇది?"

"అల్లుడా, మూత వెట్టు."

"మరి గీ వాల్వులెందుకు?"

"దీపాలు" అన్నాడు మామ. తర్వాత కాసేపటికి అసలు భయం చెప్పాడు. "సార్ మంచోడేరా. బయట దినాలే మంచిగ లేవు. గిది తెల్సిందనుకో, మెకానిక్ మోసం జేసిండని ఎవడన్నంటడా? తెలంగాణోడు ఆంధ్రాయనను మోసం జేసిండంటరు. అగ్గిపెట్టెంత బోర్డుకు గంత పెద్ద పేరెందుకు?"

ఫిజిక్స్ మాస్టారు రెండేళ్లు కనిపెట్టకపోవడమేమిటని మీరడగొచ్చు. దానికి కారణం ఆయన భక్తి. వాల్వు సెట్టు ఉన్నవాళ్లకు ఒక ఆచారం ఉంది. స్విచ్ వేశాక పది నిమిషాలు ఆగాలి. అది వేడెక్కక ముందు పాట పెట్టడం, నైవేద్యం పెట్టకముందే ప్రసాదం తిన్నంత పాపం. నిజానికి అర నిమిషం చాలు. మాస్టారు ఎన్నడూ పది నిమిషాలకు ముందు పాట పెట్టలేదు. కాబట్టి ఆ పెట్టెకు అర నిమిషం కూడా అక్కర్లేదని ఆయనకు తెలిసే దారి లేదు. కాస్త నిష్ఠ తక్కువైన మనిషైతే మొదటిరోజే దొరికిపోయేది.

అలా నడిచిపోయేదే. ఒక బంద్ రోజు డ్రైవర్ కాకా ఊరుకోలేదు.

"సార్, కండ్లకు ఎర్రగ కనవడ్తుంది కాబట్టి మీ చెవులకు మంచిగనిపిస్తుంది. నడుమ దుప్పటి కడ్తే మీ సెట్టేదో, నా సెట్టేదో మీరు చెప్పలేరు."

మాస్టారికి ఆ మాట మామూలుకన్నా గట్టిగా తగిలింది. ఈ మధ్య ఇంట్లో భార్య రెండు మూడుసార్లు పిలిస్తే గానీ ఆయన పలకడం లేదని ఆవిడే మామకు చెప్పారు. చెవి పరీక్షకు రమ్మంటే ఆయన వెళ్లడం లేదు. 'వాల్వుకీ ట్రాన్సిస్టర్‌కీ తేడా తెలిసే చెవికి పరీక్షేమిటి' అనేవారట.

"కట్టండి దుప్పటి" అన్నారు.

తర్వాతి బంద్‌కు ముహూర్తం పెట్టుకున్నారు. బంద్ ఎప్పుడన్నది మా చేతిలో లేకపోయినా, అయిదు రోజులు కూడా ఆగాల్సి రాలేదు. మాస్టారు తన సెట్టును ఆటోలో ఒళ్లో పెట్టుకుని ముందు రోజే తెచ్చి దించారు. షరతులు ఇవి: రెండు సెట్లూ దుప్పటి వెనక ఉంటాయి. ఒకే క్యాసెట్ డెక్కు, ఒకే జత స్పీకర్లు, అవే బస్సు సీట్లవి. మధ్యలో ఒక తిప్పుడు స్విచ్ ఉంటుంది, దాని దగ్గర నేను. ఆరుసార్లు తిప్పుతాను, ప్రతిసారీ ఏది మోగిందో నా కాగితం మీద నేను రాస్తాను, ఆయన కాగితం మీద ఆయన. ఆరింట్లో అయిదు కలిస్తే మాస్టారు గెలిచినట్టు. ఓడినవాళ్లు ఎదుటివాళ్ల సెట్టు ముందు కూర్చుని ఒక క్యాసెట్ రెండు వైపులా, నోరెత్తకుండా వినాలి. వాళ్లిద్దరికీ అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

"పది నిమిషాలు వేడెక్కాలి" అన్నారు మాస్టారు. వేడెక్కింది. మామకు ఇంకా ముందే ఎక్కింది.

మొదలుపెట్టాం. పాత పాట. ఒక్కోసారికి ఒక పల్లవి. నేను దుప్పటి వెనక నుంచి ఆయన రాసేది తొంగి చూస్తూనే ఉన్నాను. అయిదుసార్లు అయ్యేసరికి నాలుగు సరిగ్గా చెప్పారు. రెండు పెట్టెల్లో ఉన్నవీ ట్రాన్సిస్టర్ సరుకే అయినా, మామ పెట్టిన చవక బోర్డు గొంతు వేరు, కాకా సెట్టు గొంతు వేరు. రెండేళ్లు రోజూ విన్న గొంతును ఆయన పట్టేస్తున్నారు. దాని పేరు వాల్వు అనుకుంటున్నారు, అంతే.

ఆరోది. స్విచ్ మాస్టారి సెట్టు వైపు తిప్పాను. ఆయన నాలుగు క్షణాలు విని, 'వాల్వు' అని రాశారు. కలం మూతపెట్టారు. కరెంటు పోయింది.

ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాం. డెక్కు మీట నొక్కే ఉంది, నా స్విచ్ అటే ఉంది. దాన్ని ఇటు తిప్పేద్దామన్న ఆలోచన నాకు రాలేదు. నా డిగ్రీ ఎలక్ట్రానిక్స్‌లో అన్న సంగతి ఇక్కడ ప్రస్తావించడం అనవసరం.

కరెంటు వచ్చింది. ట్యూబ్‌లైటు ఇంకా టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది, ఆగిన చోటు నుంచి పాట అప్పటికే మోగుతోంది.

మామ నా వైపు చూశాడు. డ్రైవర్ కాకా ట్యూబ్‌లైటు వైపు చూశాడు, తర్వాత మామ వైపు చూశాడు. చలికాలం పొద్దున పాత బస్సు ఒక్క తాళానికే లేచిందంటే డ్రైవరు సంతోషపడడు, అనుమానపడతాడు.

మాస్టారు మాత్రం మెల్లగా కలం మూత తీశారు. "ఇది వాల్వు కాదు" అన్నారు. "కరెంటు రాగానే వాల్వు పలకదు. ఫిజిక్స్ ఒప్పుకోదు." 'వాల్వు' కొట్టేసి 'ట్రాన్సిస్టర్' అని రాశారు.

నాకు దారి దొరికింది. నా కాగితం మీద ఆరోదానికి నేనూ ట్రాన్సిస్టర్ అనే రాశాను. ఆయన గెలుస్తారు, మామ బతుకుతాడు, కాకా ఒక క్యాసెట్ వింటాడు. కాగితాలు కలిపి చూసి మామ దాదాపు అరిచాడు. "ఆరింట్ల అయిదు! సార్ గెల్చిండు!"

"లేదయ్యా" అన్నారు మాస్టారు. "ఆరోది నా చెవి చెప్పింది వాల్వు అనే. కరెంటు చూసి దిద్దుకున్నాను. అది కాపీ కొట్టడం. ముప్పై ఏళ్లు కాపీ కొట్టిన పిల్లల్ని పరీక్షలోంచి లేపి పంపించాను, నేను కొడతానా? తీసేయండి. నాలుగే." కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నారు. "మా ఆవిడ చెప్పింది నిజమే. చెవులు పోయాయి. డ్రైవరు గారూ, ఆ పెట్టె మీరే ఉంచుకోండి. నాకెందుకిక?"

బయట నినాదాలు దగ్గరికొచ్చాయి. మామ అలవాటు ప్రకారం కాలితో షటర్ దించాడు. దించాక అక్కడే నిలబడి, దుప్పటి లాగేసి, సెట్టు మూత తీశాడు.

"సార్, మీ చెవులకు ఏం గాలే. మీరు ఫస్టు రాసిందే కరెక్టు. మోగింది మీ సెట్టే." బోర్డు మీద వేలు పెట్టాడు. "గిదీ సంగతి. రెండేండ్ల సంది గిదే పాడుతుంది. వాల్వులు ఉత్తగ వెలుగుతున్నయ్."

మాస్టారు అద్దాలు మళ్లీ పెట్టుకుని వంగి చూశారు. అగ్గిపెట్టెంత దాన్ని చూడటానికి చాలాసేపు పట్టింది. షటర్ అవతల ఊరేగింపు మొత్తం దాటిపోయింది.

"అయితే," అన్నారు మాస్టారు చివరికి, "ఈ రెండేళ్లూ పాట పెట్టేముందు పది నిమిషాలు నేను దేనికి కూర్చున్నట్టు?"

"చాయ్ తాగనీకి సార్" అన్నాడు డ్రైవర్ కాకా.

మాస్టారు ఆయన వైపు తిరిగారు. మామ కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు ప్రాంతం మాట వస్తుందని నేనూ అనుకున్నాను.

"అంటే ఆరోది కూడా నా చెవి సరిగ్గానే చెప్పింది. ఆరింట్లో అయిదు. నేను గెలిచాను. కూర్చోండి, క్యాసెట్ పెడతాను."

"ఏం గెల్చుడు సార్! మీరు రాసింది వాల్వు. లోపల వాల్వేది?"

"పందెం మీ సెట్టా, నా సెట్టా అని. వాల్వు అన్నది దాని పేరు."

"పేరెట్లయితది సార్? నా బస్సు మీద విమానం అని రాసుకుంటే ఎగురుతదా?"

మామ షటర్ మళ్లీ నడుం దాకా లేపి, చాయ్ చెప్పడానికి పోయాడు. తిరిగొచ్చేదాకా వాళ్లు అదే విషయం మీద ఉన్నారు. ఆ తర్వాత చాలా బందుల దాకా కూడా. మాస్టారు మామతో ఒక్కటే అన్నారు, అదీ వెళ్లబోతూ: "ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడవయ్యా."

అప్పుడు పోయిన కోఠి ముసలాయన ఇంకో కొన్ని నెలలకు గానీ ఊరి నుంచి రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, బోర్డు పీకేసి, వైర్లన్నీ మునుపటిలా కలిపి, మాస్టారూ మామా నేనూ పది నిమిషాలు కూర్చున్నాం. పాట రాలేదు. ఇంకో పది నిమిషాలు కూర్చున్నాం. గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది, అదీ ఆగిపోయింది. వాల్వు పాడినా పాడకపోయినా, వెలిగినంతసేపూ అరుగుతుంది. రెండేళ్లు ఉత్తగా వెలిగి ఆ పెట్టెలోని నాలుగు వాల్వులూ అయిపోయాయి. మామ మళ్లీ ఆ బోర్డే పెట్టాడు. ఎర్ర వెలుతురే కావాలనుకుంటే, మొదట్లోనే లోపల ఒక ఎర్ర జీరో బల్బు పెడితే సరిపోయేది.