ఆ వారం కూటం మా ఇంట్లో

మొన్న పొద్దున కాఫీ తాగుతూ, కోడలు నేర్పినట్టే ఫోను తెరిచి చూస్తే, మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరిదో చిన్నబిడ్డ జ్వరంతో ఆసుపత్రిలో ఉందనీ, తల్లి ఒక్కతే అల్లాడుతోందనీ, ప్రార్థన చేయమనీ రాసి ఉంది. నేను కళ్ళద్దాలు సర్దుకునేలోపే దాని కింద జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరాయి. వాటిని చూసి ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఆ తల్లిని నేనే.

డెబ్బైల చివర్లో వానలు లేక ఐరాల దగ్గర మా చేను బీడుపడితే, నేనూ మా ఆయనా మూడేళ్ళ పాపను చంకనేసుకుని నగరి వచ్చి మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాం. ఏసును నమ్ముకుని సంఘంలో చేరామని మా వాళ్ళు అప్పటికే మమ్మల్ని గడప తొక్కనివ్వడం మానేశారు. ఊరు కాని ఊళ్ళో మాకంటూ ఉన్నది బుధవారం ప్రార్థన కూటం ఒక్కటే. అయిదారు ఇళ్ళవాళ్ళం పని వదిలాక వారానికొకరి ఇంట్లో చాప పరుచుకుని గుండ్రంగా కూర్చునేవాళ్ళం. సగంమంది తెలుగులోనూ సగంమంది అరవంలోనూ ఒకే రాగం ఎత్తుకుంటే మా ఆయన నవ్వాపుకోలేకపోయేవాడు. ఆ తర్వాత వరసగా ఒక్కొక్కరే ప్రార్థన చేసి, అయిపోయిందన్నట్టు పక్కవాళ్ళ చేయి తాకేవారు. చాప అందరిదీ. అది ఎవరింట ఉంటే పై వారం కూటం వాళ్ళింట్లో.

చాప మా ఇంటికి వచ్చిన వారమే పాపకు మెదడువాపు జ్వరం తగిలింది. తిరుపతి ఆసుపత్రిలో చేర్చుకున్నారు గానీ పిల్ల కళ్ళు తెరవలేదు, ఎంత పిలిచినా పలకలేదు. మా ఆయన మందుల కోసం అంగళ్ళ వెంట పరుగులు పెడుతుంటే నేను వరండాలో గోడకు తల కొట్టుకుంటూ కూర్చున్నాను. బుధవారం మధ్యాహ్నం చూద్దును గదా, కూటం ఆడవాళ్ళంతా పని మానుకుని బస్సెక్కి వచ్చేశారు. మేము తాళంచెవి అప్పగించి వచ్చిన పక్కింటి పెద్దమ్మ చంకలో ఆ చాప.

“ఈ వారం కూటం మీ ఇంట్లో గదమ్మా. నువ్వు యాడుంటే ఆడే మీ ఇల్లు,” అంటూ వరండా చివర పరిచింది.

వరస తిరిగి నా చేయి తాకేసరికి నేను నోరు తెరిచాను. వచ్చింది ప్రార్థన కాదు. వినేవాడంటూ ఉంటే నా బిడ్డ ఇట్లా పడి ఉంటుందా, నాకు ఏ నమ్మకమూ లేదు, పోండి అని అరిచాను. ఒక్కరూ లేవలేదు.

“నీకు లేకుంటే పోనీలేమ్మా, మాకుండాది. నీకొచ్చేదాకా మా దాంట్లోనే కూసో,” అంది పెద్దమ్మ. నా చేయి వదలకుండా నా వంతు కూడా తనే చేసింది.

మర్నాడు పాప పోయింది. మా ఆయన గుంత ఏర్పాటు చూడ్డానికి ముందు బస్సులో వెళ్ళాడు, పెద్దమ్మా ఇంకో ఇద్దరూ నాతోనే ఉండిపోయారు. శవాన్ని బస్సెక్కనివ్వరు, వేరే బండి కట్టించుకునే తాహతు మాకు లేదు. పెద్దమ్మ పాపను నిద్రపోయే బిడ్డలా తన పాత చీరలో చుట్టింది. నగరి చేరేదాకా మాలో ఎవ్వరూ ఏడవలేదు, ఏడిస్తే కండక్టరు దింపేస్తాడు. నా పట్టు జారుతుంటే పక్కామె నా చేయి తాకి పాపను తన ఒడిలోకి తీసుకుంది, పుత్తూరు దాటాక ఇంకొకామె, ఆ తర్వాత పెద్దమ్మ. అలా ఒడి మారుతూ నా బిడ్డ ఇల్లు చేరింది. వాళ్ళే లేకపోతే నేను ఆ బస్సులోంచి దూకేసి ఉండేదాన్ని.

తర్వాతి బుధవారం వాళ్ళు మళ్ళీ మా ఇంటికే వచ్చారు, ఆ పై బుధవారమూ. నేను గోడవైపు తిరిగి పడుకునే ఉన్నా, నా చుట్టూ కూర్చుని పాడి వెళ్ళేవారు. వంతు మార్చమని ఎవరూ అడగలేదు. చాలా నెలలకు ఒక సాయంత్రం నేనే లేచి, చాప చుట్టి, పెద్దమ్మ ఇంట్లో ఇచ్చి వచ్చాను. నమ్మకం తిరిగొచ్చిందో లేదో చెప్పలేను గానీ కాళ్ళు నడిచాయి.

ఇప్పుడు మా సంఘానికి చల్లటి హాలుంది, మెత్తటి కుర్చీలున్నాయి. తప్పుపట్టను, నా మోకాళ్ళకూ అవే హాయి. పక్క కుర్చీలో మనిషి పేరు మాత్రం తెలియదు. మొన్న, ఇళ్ళల్లో కూటాలు ఆగిపోయాక మా దగ్గరే ఉండిపోయిన ఆ చాపను అటక మీంచి దింపించి, దులిపి గుమ్మం దగ్గర పెట్టుకుని, ఫోనులో అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాను, ఆ బిడ్డ ఏ ఆసుపత్రిలో ఉంది, ఎవరైనా చెప్పండి, నేను వెళ్తాను అని. సాయంత్రందాకా కనిపెట్టుకుని కూర్చున్నాను. నా ప్రశ్న కింద కూడా జోడించిన చేతులే వచ్చాయి.