పోయిన డాక్టరుగారి సాక్ష్యం

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు. ఉదయం అయిదున్నరకి బొబ్బిలిలో పాసింజరెక్కాను. ఆవేళ విశాఖ సెషన్స్ కోర్టులో మా బావమరిది అప్పన్న కేసు. ఫిషింగ్ హార్బర్‌లో తోటి కళాసీని బోటు మీద కొట్టి చంపాడని నేరం. శవపరీక్ష చేసిన డాక్టరుగారు అంతకుముందే మేజిస్ట్రేటు దగ్గర సాక్ష్యం చెప్పారు. జారి లంగరు మీద పడినా అలాంటి గాయమే అవుతుందన్నారు. ఆ తరవాత ఆయన గుండెపోటుతో పోయారు. ఇక ఆ కాగితాలే మాకు దిక్కు.

ఎదురుసీటు ముసలమ్మ నా పులిహోర పొట్లం వంక చూసి, "తినవేటి బాబూ? కడుపు మాడ్సుకుంటే ఏటొత్తాది?" అని గదమాయించింది. తిన్నాను. తొమ్మిదింపావుకి విశాఖలో దిగి రిక్షా ఎక్కాను. మీకెవరికైనా అక్కడ కోర్టు పని పడితే టిఫిను స్టేషను బయటే కానిచ్చెయ్యండి. కోర్టు గేటు దగ్గర ఇడ్లీ రాయి.

పదకొండున్నరకి పిలుపొచ్చింది. సర్కారు వకీలు లేచి, "డాక్టరు ఇది ముద్దాయి ఎదుట చెప్పినట్టు ఎక్కడుంది? అది లేనిదే చదవకూడదు" అన్నాడు. నిజమే, మేజిస్ట్రేటు సంతకముంది గానీ ఆ ముక్క లేదు. మా వకీలు గబగబా కాగితాలు తిప్పి, మూడో పేజీ జడ్జీగారికి చూపించాడు. "ముద్దాయి మధ్యలో అరిచాడు, మందలించాను" అని మేజిస్ట్రేటు రాశారు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. డాక్టరుగారు చెబుతుంటే అప్పన్న ఉండబట్టలేక, "నాను కొట్టనేదు బాబూ! ఆడే జారిపోనాడు!" అని అరిచేశాడు. అంతా తిట్టాం.

"ఎదుట లేనివాడు ఎలా అరుస్తాడండీ?" అని జడ్జీగారు నవ్వి, చదవమన్నారు. గుమాస్తా చదువుతున్నంతసేపూ నేను కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

తీర్పు వచ్చే సోమవారమన్నారు. వరండాలో పోలీసుల మధ్య నుంచి అప్పన్న, "ఆవేళ అన్ని తిట్లు తిట్టినావు గదా బావా?" అన్నాడు.

"ఇంటికి రా, ఇంకా తిడతాను" అన్నాను.

సాయంత్రం ఆరింటి బండి. పక్కనున్న గుడ్డల వర్తకుడు, "ఏ పని మీదెల్లేరు?" అని అడిగాడు. ఏడాదిగా ఎవరడిగినా ఆస్పత్రి పనని బొంకేవాణ్ణి. ఈసారి గట్టిగా, పెట్టెలో అందరికీ వినపడేలా చెప్పాను:

"మా బావమరిది మీద ఖూనీ కేసుందండీ. ఆడు సెయ్యనేదు."