దారం చివర మనిషి

మా బడి సముద్రం ఒడ్డున ఉండేది. అక్కడ నాతో పనిచేసిన టీచరమ్మ ఆహార గొలుసు పాఠాన్ని వల దారంతో చెప్పేది. పిల్లల మెడల్లో నాచు, రొయ్యపిల్ల, చిన్నచేప నెత్తలి, పెద్దచేప వంజరం బొమ్మలు వేసి, దారం ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ ప్రతిసారీ "మరి దీన్నెవులు తింటారు?" అనేది. ఆఖరున మనిషి బొమ్మ.

ఓ ఏడాది ఆ బొమ్మ జాలరిపేట పిల్ల మెడలో పడింది.

"మరి మనిషినెవులు తింటారు?" అంది టీచరమ్మ, అలవాటుగా.

"ఎవులూ తినరు!" అని అందరూ అరిచారు. ఆ పిల్ల మాత్రం దారం కొసను సముద్రం వైపు కిటికీ ఊచకు కట్టేసింది.

"సంద్రం తింటాది టీచర్. వేటకెళ్లిన మా అయ్యని తినీసినాది కదా."

అది వల అల్లేవాళ్లు వేసే ముడి. విప్పడం చేతకాక టీచరమ్మ దారం కోసేసింది.

మరుసటి ఏడు నుంచి టీచరమ్మ మనిషి బొమ్మ తన మెడలోనే వేసుకుని, కిటికీకి అడ్డంగా నిలబడేది.