మైబమ్మ గోత్రం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, ఒంటరిగా గడిపిన కాలం ఎప్పటిదైనా పాతకాలంలాగే అనిపిస్తుంది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరాను. మందులో కలవకూడనిది ఏమైనా కలిసిందా అని చూడటం నా పని. పటాన్‌చెరులో కిరాయి గది. అందులో ఇంకొకడు ఉండేవాడు, కానీ వాడిది నైట్ షిఫ్టు, నాది పగలు. తీగ మీద ఆరేసిన వాడి బనియన్లతో తప్ప నాకు పరిచయం లేదు. ఆదివారం నోరు తెరవాలంటే చాయ్ హోటల్‌కు పోవాల్సిందే. ఇక నా జుట్టు దువ్వెన పళ్ళు విరిచే రకం, అన్నీ దగ్గర దగ్గర ఉంగరాలు. మా ఇంట్లో అందరివీ నూనె రాస్తే జారిపోయే జుట్లు. చిన్నప్పుడు అమ్మ నా తల దువ్వలేక "ఎవ్వరి పోలికరా నీది?" అని విసుక్కునేది. కంపెనీలో బీహారు కూలీలు కూడా "భయ్యా, ఆప్ కిధర్ సే?" అని అడిగేవారు. (పక్క ఊరే అంటే నమ్మేవారు కాదు.) నాలాంటి మనిషి మా వంశంలో ఒక్కరైనా ఉన్నారా అని నాకు నిజంగానే బెంగగా ఉండేది.

అట్లాంటి ఒక ఆదివారం ఫోనులో వంశవృక్షం వేసుకునే యాప్ దొరికింది. మనిషికొక గడి, అందులో పేరు, ఊరు, జాతి. జాతి దగ్గర ఒక్కటే ఎంచుకోవాలట. చుట్టాలందరికీ ఫోన్లు మొదలుపెట్టాను. (పూర్వీకుల మీద భక్తి సగం, ఎవరో ఒకరితో మాట్లాడొచ్చన్న ఆశ సగం.) "ముత్తాతకు ఎంతమంది భార్యలు? వాళ్ళది ఏ ఊరు?" అని హుషారుగా అడిగాను. మా వాళ్ళ భూములున్న కంది ఊళ్ళో పెద్ద కాలేజీ వచ్చి చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లవుతున్నప్పుడు ఈ ప్రశ్న అడిగినవాణ్ణి ఏమనుకుంటారో నా బుర్రకు తట్టలేదు. కొన్నాళ్ళకే అందరూ నా ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ తర్వాత మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, ఒక వకీలును వెంటబెట్టుకొని గదికి వచ్చాడు.

"ఏందిరా, భూమిల పాలు అడుగుతున్నవట?"

"లేదు పెద్దబాపూ, ఉత్త వంశవృక్షం..."

"చెట్టు పేరు జెప్పి చేను గుంజుకుంటవా?"

"నా నెత్తి ఎవరి పోలికనో తెలుసుకుందామని."

పెద్దబాపు నా తల వంక చూశాడు. ముఖం మాడిపోయింది. "గదంత నీకెందుకు? ఇగ బంద్ చెయ్" అని లేచి వెళ్ళిపోయాడు. వకీలు మాత్రం చాయ్ పూర్తిగా తాగి, ఒకవేళ కేసు వేసే ఆలోచన ఉంటే ముందు తనకే చెప్పమని చెవిలో చెప్పి మరీ కదిలాడు.

కందిలో మా తాత చెల్లెలు ఉండేది. ఆమెకు ఫోన్ లేదు కాబట్టి నా బాధ ఆమెకు తప్పింది. కానీ కబురు మాత్రం చేరింది. "భూమి అడిగే పోరణ్ణి ఒకపారి నా కాడికి తోలుండ్రి" అని చెప్పి పంపింది. వెళ్ళాను. ఎప్పటిలాగే నెత్తి మీద కొంగు కప్పుకొని కూర్చుంది.

"నీకు భూమి గావాల్నా?"

"వద్దవ్వా. నాలెక్క ఎవరున్నరో గావాలె."

అవ్వ కొంగు కిందికి దించింది. తెల్లగా, దగ్గర దగ్గర ఉంగరాలు. నా తలకు సున్నం వేసినట్టే ఉంది. నా చెయ్యి దానంతటదే నా నెత్తి మీదికి పోయింది.

"మా అమ్మ హబ్షోళ్ళ పిల్ల. వాళ్ళు సముద్రం అవుతల, ఆఫ్రికా దిక్కు నుంచొచ్చినోళ్ళు. ఆమె నాయిన నిజాం కొలువుల సిపాయి. మెహబూబ్బీ ఆమె పేరు. మా బాపు తోలుకొచ్చిండు, మనోళ్ళు మైబమ్మ అన్నరు. నీ తాత బతికినన్నొద్దులు నెత్తికి రుమాలు సుట్టిండు, నేను కొంగు గప్పిన. ఇగ బయటోళ్ళకు ఎవ్వలకు ఎర్కలే."

"నీ గడిల ఏమని రాయాలె అవ్వా? ఒకటే రాయమంటది."

"ఒకటే ఎట్లయితదిరా? నన్ను సగానికి గోసి రాస్తవా?" అని పకపకా నవ్వింది. ఆ గడి ఖాళీగానే వదిలేశాను. ఆనాటి నుంచి సెలవు దొరికితే చాలు, కంది బస్సెక్కేవాణ్ణి. అవ్వ నా తలకు నూనె రాస్తూ, తిడుతూ, మైబమ్మ సంగతులు చెప్పేది. నా బతుకులో అంత కడుపునిండా మాట్లాడిన రోజులు మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకు అవ్వ పోయింది.

పెత్తరమాసనాడు చనిపోయినవాళ్ళ పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇవ్వడం మా ఇళ్ళలో ఆనవాయితీ. పెద్దబాపు అందరి పేర్లూ చెప్తాడు, మైబమ్మ పేరు తప్ప. అవ్వ పోయిన ఏడాది నేనొక్కణ్ణే సంచిలో బియ్యం పోసుకొని గుడికి వెళ్ళి అయ్యగారి ముందు కూర్చున్నాను. మైబమ్మ పేరు చెప్పాను. అయ్యగారు గోత్రం అడిగారు. నేను తడబడటం చూసి, "తెలియకుంటే కాశ్యప గోత్రం అందాం బాబూ, తెలియనోళ్ళందరికీ అదే" అన్నారు.

"తెలుసు అయ్యగారూ. హబ్షీ."

వేళ్ళ మధ్య నువ్వులతో ఆయన ఒక్క క్షణం ఆగి నా తల చూశారు. నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు, ఎండ ముదురుతోంది. "హబ్షీ గోత్రాయాః" అని గడగడా చదివేశారు. ఇంతకాలం రుమాళ్ళ కింద, కొంగుల కింద దాచిన మాట పదిమందిలో అంత గట్టిగా వినేసరికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "విన్నవా అవ్వా?" అని అలవాటుగా పక్కకు తిరిగాను. ఎవరూ లేరు. ఇంతవాణ్ణయ్యాక కూడా ఇదేం పిచ్చిరా అని నన్ను చూసి నేనే నవ్వుకొని, లేచి వెనకాయనకు చోటిచ్చాను.